లాల్ సాహెబ్ విత్‌డ్రా అయిన ఏడు

ఆ కుర్చీలో వద్దు పాపా, దాని కాలు ఊగుతాది. మంచం మీద కూచో. మెల్లగా మాట్లాడుకుందాం, మా ఏంజెల్ ఇప్పుడే కండ్లు మూసింది. నొప్పికి మాత్ర ఇచ్చినా. టీ పెట్టేదా? వద్దా, సరే. పొద్దున బెన్నీ వచ్చినాడు. మా చర్చిలో కీబోర్డు వాయిస్తాడే, ఆ పిల్లోడే. ఇప్పుడు కాంట్రాక్టరోళ్ల ఇంటికాడ ఎలక్షన్ పనులన్నీ చూస్తాండాడు. చెప్పులు బయటే ఇడిసినాడు, లోపలికొచ్చి ఏంజెల్ కాలు చూసినాడు, అయ్యో అన్నాడు, అప్పుడు తీసినాడు మాట. 'అత్తా, ముబశ్శిరా కౌన్సిలర్‌గా నిలబడాలని నామినేషన్‌లో ప్రతిపాదన సంతకం పెట్టింది నువ్వే కదా, నువ్వు చెప్తే వింటాది. ఈ పొద్దు మూడు గంటల్లోపల విత్‌డ్రా అయితే వాళ్ల తమ్ముడు జావేద్‌కు మున్సిపాలిటీ వాటర్ సెక్షన్‌లో అవుట్‌సోర్సింగ్ పోస్టు. మన ఏంజెల్‌కు గూడా కాలు నయమైనాక ఆఫీసులో కూచుండే పని ఏదో ఒకటి చూస్తారంట. పోటీ లేకుండా వార్డు ఏకగ్రీవం అయితే అందరికీ మంచిది కదత్తా.' చెప్తాలే అప్పా అన్నా. అందుకే నిన్ను పిలిపించినా. ఆ పిల్లోడు చెప్పమన్నది చెప్పినా. జావేద్ ఏమంటాండాడు? ఊఁ. విత్‌డ్రా అయిపో అనడా మరి. డిగ్రీ చదివి మొబైల్ షాపులో గ్లాసులు అతికిస్తాండాడు. వాన్ని తప్పు పట్టను నేను.

ఏందీ? మీ దాదా, మీ తాత, వార్డును అమ్ముకున్యాడా? ఎవరు చెప్పినారు నీకు? మన వీధి నరసమ్మేనా. ఆయమ్మకు ఆ కోపం ఇంకా పోలేదు చూడు. ఆ మనిషి మట్టిలో కలిసి ఎన్నేండ్లయింది, అదంతా జరిగినప్పుడు నువ్వు పుట్టనే లేదు. లాల్ సాహెబ్ అంటే ఎవరికీ తెలీదు, స్టవ్వుల లాల్ సాహెబ్ అనాల. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా కిరసనాయిలు స్టవ్వు చెడితే మన కొత్తబురుజుకు తెచ్చేవాళ్లు. బస్టాండు గోడకు ఎండ తగలకుండా ఒక పట్ట కట్టుకుని కింద కూచునేవాడు. పంపు కొట్టి చెవి దగ్గర పెట్టి వినేవాడు, డాక్టరు మాదిరి. నోరు మాత్రం మంచిది కాదు. ఒకసారి నేను స్టవ్వు తీసకపోతే, 'స్టవ్వు బాగుంది, నువ్వే దాన్ని కొడతాండావ్, మీ ఆయన మీద కోపం దీని మీద తీర్చుకోవద్దు' అన్నాడు అందరి ముందర. నాకు పెండ్లయి ఏడు గూడా కాలేదు అప్పటికి. సిగ్గుతో సచ్చినా. దుడ్లు తీసుకోలేదులే.

ఆయన ఎలక్షన్లకు నిలబడింది ఎందుకనుకున్నావ్. మన వీధిలో ఈ మురుగు కాలవే. ఇప్పుడున్నట్లే ఉండేది, పైన మూత లేకుండా. ఎవరిదో స్టవ్వు బాగుచేసి ఇంటికిచ్చేకి పోతా దాంట్లో పడినాడు. మోకాలు దోక్కపోయింది, స్టవ్వు కొట్టుకపోయింది. ఆ స్టవ్వు ఎవరిదనుకున్నావ్, నరసమ్మ వాళ్లత్తది. అప్పటినుంచే మొదలు ఆ రెండిండ్లకూ కోపాలు. సరే, తడిసిన లుంగీతోనే మున్సిపాలిటీకి పోయినాడంట. 'బేతంచెర్ల బండలు లారీల్లో మన రోడ్డు మీద పోయి ఊర్లూర్లకు పరుస్తాండారు. మన కాలవకు నాలుగు బండలు లేవా' అని అడిగినాడంట. ఆడుండే గుమాస్తా, 'కౌన్సిలర్‌ను అడుగు' అన్నాడు. కౌన్సిలర్‌ను అడిగితే, 'నువ్వే కౌన్సిలర్ అయి ఏసుకో పో' అన్నాడు. ఎగతాళికే అన్నాడు ఆయప్ప. ఈయన నిజమనుకున్యాడు. ఇండిపెండెంటుగా నిలబడినాడు. స్టవ్వు గుర్తు కావాలని అడిగితే గొడుగిచ్చినారు. జీపు లేదు, మైకు లేదు. ఇంటింటికీ పోయి ముందు స్టవ్వు చూసేవాడు, తర్వాత ఓటడిగేవాడు. ఓడిపోయినాడు. మళ్లా నిలబడినాడు, మళ్లా ఓడిపోయినాడు. జనానికి అలవాటైపోయింది. ఏం మామా, ఈసారేం గుర్తు అని అడిగేవాళ్లు నవ్వతా.

మూడోసారి మాత్రం నవ్వలేదు ఎవరూ. కాంట్రాక్టర్ నిలబడినాడు ఆ ఏడు, ఇప్పుడు కోడల్ని నిలబెట్టినాడే ఆయప్పే. వార్డు ఆడోళ్లకు వచ్చిందని కోడలు. ఆ పాపను నేను ఫ్లెక్సీలో తప్ప చూడనే లేదు. సరే, అప్పుడేమైందంటే, ఆయన ఏసిన రోడ్డు ఒక్క వానకు లేసిపోయింది. ఊరంతా తిడతాండారు. ఈసారి లాల్ సాహెబే అని బస్టాండులో గట్టిగానే అనుకుంటాండారు. పెద్దోళ్లంతా కూచుని చెప్పినారు, 'విత్‌డ్రాలు అయిపోయేదాకా నువ్వు ఊర్లో ఉండొద్దు, వాళ్లు ఊరుకోరు' అని. ఆళ్లగడ్డలో ఆయనక్క సకీనా ఉండేది. రాతిపని చేసేవాళ్ల కొట్టాల ఎనక ఇల్లు. ఆడ దాచిపెట్టినారు. ఆయక్కే చెప్పింది నాకిదంతా, పడీపడీ నవ్వతా చెప్పింది, మళ్లా ఏడ్చింది. 'జీవమ్మా, గడప దాటొద్దురా అని చెప్పినానే వానికి. ఒక పొద్దు ఉన్నాడు. రెండో పొద్దు పక్కింట్లో స్టవ్వు పొగ వాసన తగిలింది. అక్కా, ఆ బర్నరు మసి పట్టింది అంటాడు. పట్టనీరా నీకెందుకు అంటా. కూచుంటాడు, లేస్తాడు. నేను బియ్యం కడుక్కోని వచ్చేలోపల గోడ దూకి పోయినాడే!' అంతే. ఆ స్టవ్వు బాగైంది. మర్నాటికి ఆ వీధిలో ఆడోళ్లంతా చేతిలో స్టవ్వు పట్టుకుని సకీనా ఇంటి ముందర బారు తీరినారు. దేవుళ్ల బొమ్మలు, నాయకుల బొమ్మలు, ముక్కుల్లేనివి, చేతుల్లేనివి, వాటి నడుమ ఈయన పంపు కొడతా కూచున్యాడు. రాళ్లకొచ్చిన లారీ డ్రైవరొకడు చూసి మనూరి టీ అంగట్లో చెప్పినాడంట, 'మీ క్యాండేటు ఆళ్లగడ్డలో బో బేరం చేస్తాండాడే' అని. సాయంత్రానికి కాంట్రాక్టరోళ్ల జీపు ఆడికి పోయింది.

కొట్టలేదు, తిట్టలేదు. అదే చెప్తాండా నీకు. వాళ్లు ఊరికే కూచున్యారు. సకీనా పెట్టిన టీ తాగినారు. 'మీ ఆసిఫ్ ఖాళీగా తిరుగుతాండాడంట కదా సాహెబూ. మున్సిపాలిటీలో ఎన్ఎంఆర్ కింద, దినకూలి లెక్కన, ఏపిస్తాం. కొన్నేండ్లకు పర్మనెంటు అయితాడు' అన్నారు. ఆసిఫ్ అంటే మీ అబ్బనే, మీ నాయన. అప్పుడు సంబంధాలు చూస్తాండారు మీ అబ్బకు. పని లేదని ఎవరూ పిల్లనియ్యలేదు. మీ దాదా ఏమన్యాడో తెలుసా? 'బండలు?' అన్నాడంట. 'బండలు గూడా. మొదటి మీటింగులోనే పెడతాం.' 'ఎవరి మాట?' 'మా మాటే.' ఇంక అడగలేదు. చేతులు తుడుచుకుని, చెయ్యాల్సిన స్టవ్వులు అక్కకు అప్పజెప్పి జీపెక్కినాడు. మర్నాడు విత్‌డ్రా. వార్డు ఏకగ్రీవం. టపాకాయలు కాల్చినారు. గెలిచినాయప్పకు దండేసి ఈయనకూ ఒక దండేసినారు. ఆ దండ మెడలోనే పెట్టుకుని నడిచొచ్చినాడు ఇంటికి, తీసేయాలని గూడా తోచలేదు పాపం.

పొద్దున్నే నరసమ్మ మీ ఇంటి ముందర నిలబడింది. 'ఓ లాల్ సాహెబూ, బయటికి రా! మా ఇంట్లో ఐదు ఓట్లున్నాయి. పోటీ ఉంటే ఈ పక్కా ఇచ్చేవాళ్లు, ఆ పక్కా ఇచ్చేవాళ్లు. చీర గూడా వచ్చేది. నీ ఒక్కని కొడుక్కి ఉద్యోగం తెచ్చుకోని వీధిలో అందరి నోట్లో మట్టి కొట్టినావ్ కదప్పా!' నవ్వొస్తాంది కదా నీకు. మేమూ నవ్వినాం. లోపల మాత్రం అందరికీ అదే మాట. ఎవరూ తలుపు తట్టలేదు ఆ ఏడు. అమ్మా, అక్కా అని చెయ్యెత్తి మొక్కలేదు. నీళ్ల ట్యాంకరన్నా వచ్చేది ఎలక్షన్లప్పుడు, అదీ రాలేదు. మున్సిపాలిటీ అనేది ఒకటుందని మాకు తెలిసేదే ఆ కొన్ని దినాలు. అవి గూడా పోయినాయి.

తర్వాత వానలు. అప్పుడు ఏంజెల్ నా కడుపులో ఉండింది. కాలవ నీళ్లు మోకాళ్లెత్తు వచ్చినాయి ఈ ఇంట్లోకి, ఇదే ఇంట్లోకి. మంచం మీద ఇటుకలు పెట్టి బియ్యం మూట వాటి మీద పెట్టినాం. వాన తగ్గినాక వీధంతా కలిసి కౌన్సిలర్ ఇంటికి పోయినాం. ఆయప్ప అరుగు మీద కూచుని అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటాండాడు. చెప్పేదంతా విన్యాడు. సబ్బు నురగ తుడుచుకోకుండానే అడిగినాడు, 'నాకు ఓటేసినోళ్లు ఎవరు మీలో? చెయ్యెత్తండి.' ఎవరెత్తుతాం? ఓట్లే లేవు కదా. 'ఒక్కరు. ఒక్కరెత్తండి చాలు.' గట్టిగా అనలేదు, అరవలేదు. నవ్వతానే అడిగినాడు. ఎనక నుంచి మీ దాదా చెయ్యెత్తినాడు. వచ్చినట్లే తెలీదు మాకు ఆయన. 'నేనేసినా అప్పా. నాదొక్కటే పడింది' అన్నాడు. ఆయప్ప చూసినాడు. 'నీకు ఇయ్యాల్సింది ఇచ్చినాం కదా సాహెబూ. నీ కొడుకు జీతం తీసుకుంటాండాడు కదా' అని మళ్లా అద్దంలో చూసుకున్యాడు. అంతే పాపా. తిరిగొచ్చేటప్పుడు మీ దాదా అందరికంటే ఎనక ఒక్కడే నడిచినాడు.

బండలు ఏసినారులే. కాంట్రాక్టర్ ఇంటి ముందర, కారు తిరిగేకాడికి. మీ అబ్బ ఉద్యోగం ఆ తర్వాతి ఎలక్షన్ల దాకా ఉన్నింది. పెండ్లి అయింది, అది మాత్రం నిజం, లేకపోతే నువ్వుండవు. ఆ తర్వాత ఆ పక్కోళ్లు గెలిచినారు, ఈ పక్కోళ్లు పెట్టినోళ్లందర్నీ తీసేసినారు. మీ అబ్బ ఇప్పుడు డోన్‌లో లారీ ఆఫీసులో రాత్రీ పగలూ లోడ్లు ఎక్కించుకుంటాండాడు, నాకంటే నీకే తెలుసు. మీ దాదా మళ్లా నిలబడలేదు. నేనే అడిగినా ఒకసారి, నిలబడు మామా, నేనేస్తా అని. 'ఎవరు నమ్ముతారు మే నన్ను' అన్నాడు. గ్యాసు పొయ్యిలు వచ్చినాయి, స్టవ్వులు పోయినాయి. షుగరు ఎక్కువైంది. ఒక ఎండాకాలం పోయినాడు. చర్చి నుంచి మేమంతా పోయినాం. నరసమ్మా వచ్చింది, ఏడ్చింది గూడా. ఇంటికొచ్చి మళ్లా తిట్టింది.

ఇప్పుడు చూడు. నంద్యాల జిల్లా అయింది, మన ఊరికీ మంచి దినాలొస్తాయి అన్నారు. బస్టాండు దగ్గర ఆర్చి కట్టినారు. సర్కిల్‌లో నెమళ్లు పెట్టినారు, ముక్కులోంచి నీళ్లు పడతాయంట, మంత్రి వచ్చిన పొద్దు పడినాయి. రాతిలో చెక్కేవాళ్లు ఆళ్లగడ్డ నిండా ఉండారు, పని లేక ఉండారు. ఈ నెమళ్లు మాత్రం యాడనుంచో తెచ్చిన ఫైబర్‌వి. కాలవకు బడ్జెట్ లేదంట. ఆ నెమళ్ల లైట్లు చూసుకుంటానే వచ్చింది మా ఏంజెల్ ఆ సాయంత్రం, నంద్యాలలో బట్టల షాపు నుంచి బస్సు దిగి. వాన. రోడ్డేదో కాలవేదో తెలీలేదు దానికి. నేను గడపలోనే ఉండా. తొందరగా రా, తడుస్తాండావ్ అని అరిసింది నేనే. చూస్తానే ఉండా, మనిషి లేదు. గొడుగు మాత్రం తేలుతాంది. చాల్లే. చెప్పలేను. తొడలో రాడ్లేసినారు. షాపులో వేరే పిల్లను పెట్టుకున్యారు. నువ్వు నిలబడతానని ఆసుపత్రికి వచ్చినప్పుడు బెంచీ మీద కూచుని ఉండా నేను. సంతకం పెట్టు అత్తా అన్నావ్. యాడ పెట్టాల అని అడిగినా, అంతే.

రెండున్నర అయిందా. బెన్నీ సందు చివర బండి మీద కూచున్యాడు, చూసినావా వచ్చేటప్పుడు? నిన్ను ఆఫీసు దాకా దింపేకి. మంచి పిల్లోడే. వానికీ ఏదో ఒకటి ఇస్తామని చెప్పింటారు. నేను నిన్ను నిలబడు అని చెప్పను పాపా. జావేద్ రోజూ ఈ వీధిలోనే నడుస్తాడు, వాని మొగం నేను చూడాల. విత్‌డ్రా అయిపో అనీ చెప్పను. అయినాక ఎవరన్నా అరుగు మీద కూచుని ఓటేసినోళ్లు చెయ్యెత్తండి అంటే ఎవరెత్తాల? ఆఁ? ఏంది? మీ దాదా నీ జాగాలో ఉంటే ఏం చేసేవాడా? నాకెట్ల తెలుస్తాది. ఆయన ఒకసారి చేసి చూసినాడు కదా. ఆఁ ఏంజెల్, వస్తాండా, వస్తాండా. లేవాకు నువ్వే! బాత్రూముకు పోవాలంట. నా ఒక్కదానితో కాదు, బరువంతా ఒక పక్కకే ఇడుస్తాది. రా పాపా, నువ్వా పక్క పట్టు, చంక కింద చెయ్యేసి. ఎవరది, ఫోను? జావేదా? ఎత్తితే ఎత్తు. లేకపోతే ఆడ పెట్టు. దీన్ని లేపాలంటే రెండు చేతులూ కావాల.