నిండుకున్నాయి

సంక్షేమ కార్యాలయం. బల్లకు అటు అధికారి, ఇటు ఒకప్పుడు ఆయనకు చదువు చెప్పిన పంతులమ్మ.

"కూర్చోవడానికి రాలేదు. అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది? నీకు తెలుసా?"

"అర్జీ చూశాను, టీచర్‌గారూ. ఎవరో ఒంటరి ముసలావిడ. ఉచిత బియ్యం ఆగిపోయాయి. ఆపింది నేను కాదు, యంత్రం."

"దానికెవరు చెప్పారు?"

"ఆవిడే! నెలనెలా ఆ యంత్రమే ఫోన్ చేసి, ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడుగుతుంది. రికార్డింగ్ వినండి... 'నిండుకున్నాయి నాయనా.' విన్నారా?"

"నేను విన్నాను. నువ్వు విన్నావా?"

"నిండుగా ఉన్నాయని అది రాసుకుంది. అందుకే..."

"నీది ఏ భాషరా? గింజ లేకపోయినా 'లేవు' అనడానికి నోరు రాక 'నిండుకున్నాయి' అంటాం. మీ అమ్మ అనేది కాదూ?"

"అనేది... కానీ యంత్రానికి అదంతా..."

"తెలియదు. తెలియనిదానికి తీర్పు చెప్పే పీట ఎవరు వేశారు? ఆపేముందు నోటీసివ్వాలి, ఆవిడ మాట వినాలి. చట్టం అది!"

"అప్పీలు పెట్టుకోవచ్చు కదండీ."

"పెట్టింది. ఎవరు చూశారు?"

"అప్పీళ్లు కూడా... అదే చూస్తుంది."

"భేష్! కొట్టినవాడే పంచాయితీ చెప్పాడన్నమాట. కొట్టెయ్ ఆ తీర్పు."

"కిందటేడు ఒకాయన కొట్టేశాడండీ. ఉద్యోగం ఊడి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాడు. నాకూ పిల్లలున్నారు."

"అర్జీలో ఆవిడ పనేమిటని ఉంది?"

"వంట. ఏదో హాస్టల్లో..."

"ఏదో హాస్టలా! గొంతు కూడా గుర్తుపట్టలేదు నువ్వు!"

"టీచర్‌గారూ... వంటక్కా?"

"వంటక్కే. హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో, సైకిల్ షాపులో పని ముగించుకుని నువ్వు ఆలస్యంగా వస్తే, గిన్నె బోర్లించి నీతో ఏమనేది?"

"'నిండుకుంది నాయనా...'"

"ఆ తర్వాత?"

"'...నా పళ్లెం తీసుకో.'"

"ఒక్కపూటేనా?"

"రోజూనండీ. రోజూ. ఇప్పుడు... ఇప్పుడెక్కడుంది?"

"వరండాలో. నిన్ను ఇబ్బంది పెట్టొద్దంటూ లోపలికి రానంది."

"అక్కా! వంటక్కా! లోపలికి రా. టీచర్‌గారూ, ఆ కలం ఇలా ఇవ్వండి. 'యంత్రం నిర్ణయం తప్పు. మాట వినకుండా ఆపడం చట్టవిరుద్ధం. ఆగిన నెలల బియ్యంతో సహా ఈరోజే ఇవ్వాలి.' కింద నా పేరు, నా సంతకం."

"ఆగు నాయనా, ఆగు! నా కోసం సంతకం పెడితే నీ ఉద్యోగమో?"

"నిండుకుందక్కా. ఈపూట నా పళ్లెం తీసుకో."