మాకు వేరే శాఖలు లేవు

ఎవడు ఆపమన్నాడ్రా నిన్ను? నిన్నే అడుగుతున్నా. ఎవడు ఆపమన్నాడు?

అలా మొహం తిప్పుకోకు. ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టు. అన్న వచ్చి గుమ్మంలో నిలబడితే కూర్చోమనైనా అనవా? వద్దులే, నేనే కూర్చుంటా. ఈ స్టూలు నాన్నది. నీ వాటాకొచ్చిందని దీని మీద అట్టపెట్టెలు పేరుస్తావా? తియ్యి ముందు.

పొద్దున్నే కంప్యూటరు పెట్టా. నా ప్రోగ్రాం ఏమందో తెలుసా? "మార్చాల్సింది ఏమీ లేదు." సరే, వీడింకా షట్టరు తియ్యలేదేమో అనుకున్నా. టీ తాగొచ్చి చూశా. మార్చాల్సింది ఏమీ లేదు. ఒకావిడ మిషనుకి బెల్టు వేసి పంపించి మళ్లీ చూశా. అదే మాట! ఒక్క రోజు తప్ప, ఇన్ని నెలల్లో ఎప్పుడైనా ఇంతసేపు అలా అందా అది? పాడైందేమోనని వెబ్‌సైటు కంపెనీకి ఫోను కొట్టా.

ఆ ఫోనెత్తిన అమ్మాయి ఎంత తియ్యగా చెప్పిందనుకున్నావ్! "మీ ప్రోగ్రాం బాగానే ఉందండీ. సైటు మార్చే రెండో కీ ఉన్నాయన నిన్న సాయంత్రం తన కీ తనే రద్దు చేసుకున్నారు. ఇక సైటు సెట్టింగులన్నీ మీ ఒక్కరి చేతిలోనే ఉంటాయి, అభినందనలు" అంది.

అభినందనలట! నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతలో మీ వదిన ఫోను. మరదలు ఏడుస్తూ చెప్పిందట, రేపు పొద్దున్నే మీ సామాను లారీ ఎక్కుతోందని. షాపు ఎత్తేసి, ఊరు మారి, ఎక్కడో షోరూంలో పనికి చేరుతున్నావని. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేశా. ఎంత దూరం గనక? మధ్యలో ఉన్నది నీ ప్లైవుడ్డు అడ్డుగోడేగా.

నీ ప్లైవుడ్డనే అంటా. కొనుక్కొచ్చింది నువ్వు. మేకులు కొట్టింది నేనైతే మాత్రం ఏం?

నిజమేనా ఆ షోరూం సంగతి? తలూపుతున్నావా? సిగ్గు లేదూ? మిషను మాస్టారి కొడుకు ఎవడి కిందో నిలబడి, చొక్కా మీద వాడి కంపెనీ పేరు కుట్టించుకుంటాడా?

నాన్న షాపుని నిలువునా చీల్చి రెండు తలుపులు పెట్టుకున్నాం. కుట్టుమిషన్లు పంచుకున్నాం. స్పానర్లు, నూనె డబ్బాలు, ఆఖరికి సూదులు కూడా గుప్పిళ్లతో పంచుకున్నాం. ఒక్క వెబ్‌సైటే పంచుకోలేకపోయాం. దానికున్నది ఒక పేరు, ఒక ఫోను నంబరు, పేరు కింద ఒక ముక్క. దాని మధ్యలో ప్లైవుడ్డు ఎలా కొడతావ్?

అసలు నాకీ విద్య అంటగట్టిందెవరు? నువ్వు కాదూ? నా మానాన నేను బాబిన్లు తుడుచుకుంటుంటే వచ్చి, "అన్నయ్యా, చిన్న మార్పుకి కూడా సైటు లోపలికెళ్లి పేజీలన్నీ తిరగక్కర్లేదు, ఏపీఐ అని ఒకటుంది" అన్నావ్. అదేంట్రా అంటే, "కిటికీ అనుకో. మన ప్రోగ్రాం కిటికీలోంచి చీటీ అందిస్తుంది. పేరు ఇలా మార్చు, నంబరు ఇది పెట్టు, అని. కీ మనదేనా కాదా అని చూసుకుని, లోపల అది మార్చేసి, మార్చానని జవాబిస్తుంది" అన్నావ్. నీకో కీ, నాకో కీ చేయించావ్. ఇద్దరం యజమానులమే అన్నావ్. ఎంత సంబరపడ్డావో ఆ రోజు!

తర్వాత చెడగొట్టిందెవరు? ఆ టైలరమ్మ వాళ్లమ్మ వాడిన మిషను మోసుకొస్తే, "ఇది పాత ఇనుముకి వేసేసి కొత్తది కొనుక్కోండి" అన్నావ్. నేను బాగుచేస్తానని పక్కన చెప్తూనే ఉన్నా! కస్టమరు ముందు నా మాట గాల్లో కలిసిపోయింది. నాకు మాత్రం కోపం రాదా? "నాన్న పనితనం నీకు అబ్బలేదురా" అన్నా. నలుగురి ముందే అన్నా. అన్నని, ఆ మాత్రం అనకూడదా? ఎదురు తిరిగి రెండు తిట్టేస్తే పోయేది. నువ్వు తిట్టలేదు. మర్నాడు ప్లైవుడ్డు తెచ్చావ్.

తెచ్చావు కదా, నేనూ ఊరుకోలేదు. "మిషను మాస్టారి షాపు" అని ఉన్నదాన్ని "మిషను మాస్టారి అసలు షాపు" అని మార్చా. నా నంబరు పెట్టా. పేరు కింద "మాకు వేరే శాఖలు లేవు" అని రాశా. రాయనా మరి? పెద్దకొడుకుని నేను.

నువ్వేమైనా తక్కువ తిన్నావా? గంట తిరక్కుండా "అసలు" పీకేశావ్. నీ నంబరు పెట్టావ్. కింద "ఎడమ తలుపు కాదు, కుడి తలుపు" అని రాశావ్. ఎంత పొగరు! నేను మళ్లీ మార్చా. నువ్వు మళ్లీ మార్చావ్. చేత్తో మార్చలేక చిరాకేసి, నువ్వు నేర్పిన నాలుగు ముక్కలతోనే ఒక ప్రోగ్రాం కూర్చుకున్నా. కాసేపటికోసారి వెళ్లి చూడు, నేను పెట్టినట్టు లేకపోతే నేను పెట్టినట్టు పెట్టు, అంతే దాని పని. తీరా చూస్తే నువ్వు అంతకు ముందే అలాంటిదొకటి పెట్టుకుని కూర్చున్నావ్!

కస్టమర్ల అవస్థ చెప్పాలా? ఒకాయన మిషను భుజాన పెట్టుకుని, ఫోను చూసుకుంటూ, కుడి తలుపు కుడి తలుపు అనుకుంటూ వచ్చాడు. సరిగ్గా మన ముందుకొచ్చేసరికి నా ముక్క వచ్చింది. వేరే శాఖలు లేవంటున్నారు, మరి ఈ రెండో తలుపు ఎవరిదని నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. నేను ఇటునించి చూస్తున్నా. నువ్వు అటునించి చూస్తున్నావ్. ఒక్కరమూ పిలవలేదు. పాపం, వచ్చిన దారినే పోయాడు. నాకు నవ్వాగలేదు. నువ్వూ నవ్వావు, ప్లైవుడ్డు ఇవతలికి వినపడింది.

ఇప్పుడు నవ్వకు. నేను కోపం మీదున్నా.

ఈ ప్రోగ్రాములు రాకముందు ఒకసారి పేరొక్కటే మారుద్దామని, చీటీలో మిగతా గళ్లన్నీ ఖాళీగా వదిలేసి పంపా. వదిలేసినవి ఉన్నవి ఉన్నట్టే ఉంచుతుందనుకున్నా. దానికేం తెలుసు? ఖాళీగా పంపాడు, ఖాళీయే కావాలి కాబోలనుకుంది. నంబరు పోయింది, పనివేళలు పోయాయి, నాన్న ఫొటో పోయింది. పేజీ సున్నం కొట్టిన గోడలా ఉంది. ఎలా తిరిగి పెట్టాలో తెలీదు. ప్లైవుడ్డు అవతల నువ్వున్నావ్. అడగనా? చచ్చినా అడగను!

అన్నం తిని వచ్చేసరికి అన్నీ ఉన్నాయి. పనివేళలు ఉన్నాయి, నాన్న ఫొటో ఉంది. నంబరు గడిలో నా నంబరుంది. నాదిరా! నీది పెట్టుకుంటే అడిగేవాడెవడు? పేరులో "అసలు" కూడా పీకకుండా ఉంచావ్. అంతా నేను ఉంచినట్టే పెట్టి, సాయంత్రం నించి మళ్లీ మొదలెట్టావ్, కుడి తలుపు, కుడి తలుపు అని. నేను థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను. మీ వదినతో మాత్రం, కొట్లాడినా పద్ధతిగా కొట్లాడతాడు వీడు, అన్నా.

అలాంటివాడివి, ఇలా సగంలో వదిలేసి పోతావా?

ఏంటీ? మళ్లీ చెప్పు. నేను గెలిచానా? ఎవడికి కావాలిరా నీ గెలుపు? నీ కీ నువ్వు రద్దు చేసుకుని నా మొహాన విసిరేస్తే, అదొక గెలుపా?

ఇదిగో, ఒక్క మాట చెప్తా. తర్వాత మళ్లీ చెప్పమన్నా చెప్పను.

పొద్దున్నే నేను మొదట చూసేది ఆ ముక్కే. పేరు కింద కుడి తలుపు అని ఉందంటే, నువ్వు షట్టరు తీసి కంప్యూటరు పెట్టావన్నమాట. బాగానే ఉన్నావన్నమాట. వీడి పొగరు అణగలేదని నాలుగు తిట్టుకుని, హాయిగా పనిలో కూర్చునేవాణ్ణి. ఆ మధ్య ఒకరోజు మధ్యాహ్నం దాటినా నా ముక్క నాకే కనబడింది. నీకు జ్వరమని నాకెవరూ చెప్పలేదు. మీ వదిన కాఫీ ఫ్లాస్కు పట్టుకుని తనంతట తనే మీ ఇంటికి వచ్చిందనుకున్నావా? ఎవరు పంపారనుకున్నావ్?

మాటల్లేవు మనకి. నిజమే. కానీ మాట్లాడుకోలేదని మాత్రం అనకు. పొద్దస్తమానం మనం చేసిందేంటి మరి?

ఇదిగో, తీసుకో. ఫోను పెట్టేసే ముందు ఆ అమ్మాయిని అడిగి నీకు కొత్త కీ చేయించా, ఈ కాగితం మీద రాసుకొచ్చా. నాకున్న అధికారమంతా దీనికీ ఉంది. నీ చేత్తో ఆ "అసలు" పీకెయ్. నీ నంబరు పెట్టుకో. ఎడమ తలుపోడు వెధవ అని రాసుకో, పో! రేపు పొద్దున్న తిరిగి మార్చకపోతే అడుగు.

చెయ్యి చాపవా?

లారీ మాట్లాడేశానంటావ్. ఇల్లు ఖాళీ చేస్తున్నామంటావ్. అలిసిపోయానన్నయ్యా అంటావ్. అన్నయ్యా అనడానికి ఇన్నాళ్లు పట్టింది నీకు. అదీ పోయే ముందు.

సరే. నీ ఇష్టం. ఆ పెద్ద మిషను లారీలో పడుకోబెట్టొద్దని చెప్పు, నూనె కారి మోటారు పాడవుతుంది. ఈ స్టూలు తీసుకెళ్లకు. షోరూంలో దీని మీద ఎవరూ కూర్చోరు. ప్లైవుడ్డు పీకుతానని కూడా అనుకోకు. అంత పెద్ద షాపులో ఒక్కణ్ణీ కూర్చుని ఏం చెయ్యను?

ఇదిగో చూడు, నా ఫోనులో చూడు. నిన్న సాయంత్రం నించి కదలకుండా ఉంది. మాకు వేరే శాఖలు లేవు. నిన్ను ఏడిపించడానికి రాసిన పచ్చి అబద్ధం ఇది. పక్క తలుపులో నువ్వున్నావు కాబట్టి ధైర్యంగా రాశా, ఎలాగూ మార్చేస్తావులే అని. రేపు నీ లారీ కదిలితే ఇది నిజమైపోతుంది. మార్చేద్దామని ఇందాక కూర్చున్నా. ఏం రాయాలో తోచలేదు.

ఉండనీలే. ఎవడు చూడొచ్చాడు.