వంతెన కింద పెట్టిన పెట్టె

సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో, ఏటి మీది పాత రోడ్డు వంతెన తీసేసి కొత్తది కట్టడానికి మార్కాపురం వైపు నుంచి వచ్చిన కూలీలు దిగిన మర్నాడు. తడికల చాటున స్నానం చేసి, తుండుగుడ్డ చుట్టుకున్న ఓవర్సీరు ఆ కూలీల్లో ఒకణ్ణి కేకేశాడు.

“ఏబేలూ! నా బట్టల పెట్టె ఏదోయ్? పంట్లాము, కోటు అందులోనే ఉన్నాయి. ఇంజనీరు దొర వచ్చే వేళయింది.”

“నీడన పెట్టమంటిరి గదయ్యా. పొద్దున్నే పాత వంతెన కింద, పొడి ఇసకలో పెట్టినా.”

“వంతెన కిందా! అక్కడిప్పుడు నిలువెత్తు నీళ్ళున్నాయి కదోయ్!”

“అదే నాకూ అర్థం గాలా. వాన చుక్క లేదు, ఏరు ఎట్ల వచ్చె? పెట్టె చూస్తే ఎగువకు పాయె.”

“ఓరి దేవుడా! అది పోటు. సముద్రం నీళ్ళు ఏట్లోకి ఎగదన్నుతాయి, ఆరు గంటలకి మళ్ళీ వెనక్కి తీస్తాయి. రోజూ ఇంతే. ఆ మాత్రం తెలియదూ?”

“మా ఊరి ఏరు గుండ్లకమ్మకు ఈ అలవాటు లేదయ్యా. ఒకసారి పోయిందంటే మళ్ళా ఏడాదికే దాని మొగం చూసేది.”

“అదుగో, కారు హారను! దొర వచ్చేశాడు. ఈ తుండుగుడ్డతో ఎలా ఎదురుపడనోయ్?”

“దిగులు పడబాకండి. ఎగువకు పోయిన నీళ్ళు ఆరు గంటల్లో ఇట్లనే దిగొస్తాయని మీరే అంటిరి గదా. మీ పంట్లాము గూడా వస్తాది, పట్టుకుంటా. అందాక దొరకు పాత వంతెన నేను చూపిస్తా. మీరు ఆ తడికల చాటునుంచి ఇంగిలీషు చెప్పండి.”