ఆఖరి ఆటకు కొత్త కండువా

వేల్స్‌లో డబ్బుల్లేక మూసేస్తున్న ప్రాంతీయ రగ్బీ జట్టుకు అది ఆఖరి ఆట. ఇరవై ఏళ్లుగా దాని ఆటలకు పక్కపక్కనే కూర్చునే, ఒకదానికొకటి పడని రెండు లోయల ముసలాళ్లు వానలో టీ తాగుతున్నారు.

"ఇదేంట్రా, నీ మెడలో ఈ జట్టు కండువా? మన రెండూళ్ల క్లబ్బుల్నీ చిన్న పోటీలకు నెట్టేసి పైన దీన్ని పెట్టారని ఇన్నేళ్లూ ముట్టుకోలేదుగా!"

"ఇవాళే కొన్నాను. నవ్వకు."

"మూసేసే రోజునా?"

"మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నన్ను రోజూ కారులో తీసుకెళ్లిందెవరు?"

"నేనే. అయితే ఏంటంట?"

"ఈ జట్టే లేకపోతే మీ లోయవాడి మొహం చూసేవాణ్ణా నేను?"

"టీ చల్లారిపోతోంది, తాగు."

"వచ్చే శనివారం మీ ఊళ్లో మీ క్లబ్బు ఆట ఉందిగా. నీ పక్కన నాకు చోటుంచు."

"మావాళ్లని తిట్టడానికా?"

"మరి దేనికనుకున్నావు? తిడుతుంటే పక్కన నువ్వు ఉడుక్కోవాలిగా!"