సారక్క నవ్వు

చంద్రపూర్, బాబూపేట. తొంభై అయిదో సంవత్సరం, ఎండాకాలపు సాయంత్రం. బొగ్గుబాయిలో పని మానేసిన పోశం, బల్లార్‌పూర్ నుంచి వచ్చిన అతని కూతురు అనసూయ.

“మీ అమ్మ నన్ను మోసం చేసి పోయింది. రేపు నేను రాను.”

“బాపూ, రేపు అమ్మ ఏడాది. నోటికి వచ్చినట్టు అనకు.”

“నోటికి వచ్చింది కాదు. మోసం మోసమే. చచ్చినంత మాత్రాన మాఫీ కాదు.”

“ఏం మోసం చేసింది? ఇన్నేండ్లు నీ వెంట తిరిగింది. ఎన్నడన్న ఎదురు మాట్లాడిందా?”

“మాట్లాడితే మంచిగుండేది.”

“మూడొద్దుల నాడు పిట్టకు పెడితే ముట్టలేదు. యాదికున్నదా?”

“నేను రాలేదు. నాకేం యాది?”

“గదే చెప్తున్న. నువ్వు రాలేదు. అన్నం, కూర, అమ్మకు ఇష్టమని ఉల్లిగడ్డ కారం, అన్ని పెట్టినం. కాకులు చుట్టూర కూసున్నయ్. ఒక్కటి దగ్గరికి రాలేదు. మీ అల్లుడు దండం పెట్టిండు. నేను కింద పడి మొక్కిన. ముట్టలేదు. పదొద్దుల నాడు గట్లనే. మొగడు పెట్టలే, గందుకే ఆమె ముడతలేదు అన్నరు అందరు.”

“కాకులకు ఆకలి లేకుంటే నేనేం చెయ్యాలె?”

“జోకు వేసినవా?”

“లేదు. జోకులు బంద్ అయినయ్.”

“అమృత దినాం అడుగుతది. తాత ముంగట లెక్క ఎందుకు నవ్వియ్యడు అమ్మా అని. నేనేం చెప్పాలె?”

“తాత పని మానేసిండని చెప్పు.”

“జోకులేసుడు పనా?”

“చాయ్ పెట్టు.”

“పెడ్త గని మాట దాటెయ్యకు. రేపు వస్తవా, రావా?”

“చెప్పిన గద.”

“నువ్వు అమ్మను మోసం చేసింది అంటున్నవ్. మరి నువ్వేం చేసినవ్? అమ్మ మంచంల ఉంటే నువ్వేం చేసినవ్? ఛాతిల నీళ్లు నిండినయని డాక్టర్ చెప్పి పోయిండు. నువ్వేమన్నవ్?”

“ఏమన్న?”

“మన బస్తీల నల్లా రాక పది దినాలాయె, నీకేమో లోపట్నే నిండినయ్, మున్సిపాలిటోళ్లకు తెలిస్తే నీకే పైపు వేస్తరు అన్నవ్.”

“నవ్వింది.”

“మందులకు వెంట్రుకలు ఊడితే, దువ్వెనకు వీఆర్‌ఎస్ ఇచ్చిండ్రు అన్నవ్.”

“దానికి బగ్గ నవ్వింది.”

“ఎక్స్‌రే ఎండకు పట్టి చూసినవ్. నీ గుండెల నేనున్నంటివి, ఏడున్ననే, వెతికి వెతికి యాష్టకు వస్తున్న అన్నవ్.”

“నువ్వు ఫొటోల పట్టవయ్యా, లావైనవ్ అన్నది. గది చెప్పవేం?”

“నాగ్‌పూర్‌ల డాక్టరమ్మ ‘బరే ఆహే కా’ అని మంచిగనే అడిగింది, ఎట్లున్నదమ్మా పానం అని. అమ్మ నోరు తెరవకముందే నువ్వు అందుకున్నవ్. బర్రె లేదమ్మా, ఉంటే మీకు పాలు తెద్దుము అన్నవ్. డాక్టరమ్మకు తెలుగు రాదు, నా మొకం చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. బయటికి పొయ్యి మెట్ల మీద కూసోని ఏడ్చిన. ఇంటిది చావు బతుకుల ఉంటే జోకులేస్తుండు, ఈయన ఏం మనిషి అని.”

“ఏడ్వు. ఎవరు వద్దన్నరు?”

“చిన్నయ్య కాక ఏమన్నడో తెలుసా? అన్నకు మతి పోయింది, వదిన ముంగట నుంచి ఆయనను తీసెయ్యుండ్రి అన్నడు.”

“తెలుసు. మంచం కాడనే అన్నడు. అది వాణ్ని బయటికి పొమ్మన్నది.”

“ఎవరున్నరు లోపట? పోశన్నా!”

“నేను పెద్దమ్మా, అనసూయను. రా, లోపటికి రా.”

“నువ్వా పిల్లా! గోడ అవుతల బియ్యం ఏరుతున్న. పానం గుభేలుమన్నది. సారక్క లేచి వచ్చి పోశన్నతోని కొట్లాడుతున్నదనుకున్న. అచ్చం తల్లి గొంతే నీది.”

“శేషమ్మా, ఏం పని మీద వచ్చినవ్?”

“రేపటికి ఇస్తార్లు చాలుతయా అని. బామ్ని నుంచి మీ చుట్టాలు గూడ వస్తరట గద.”

“దాన్నడుగు. నేను రేపు రాను.”

“అయ్యో, ఏందన్నా గది? ఏడాదికి గూడ...”

“ఇస్తార్ల ముచ్చట దాన్నడుగు.”

“నేను వచ్చి మాట్లాడ్త పెద్దమ్మా. నువ్వు నడువు.”

“ఆయన గిట్ల ఉంటడనే పిట్ట ముట్టలే పిల్లా. నేను చెప్తున్న చూడు.”

“సరే పెద్దమ్మా. నడువు. తలుపు దగ్గరికెయ్యి.”

“ఇంక ఎవలెవలికి చెప్పినవ్?”

“నేనెవలికి చెప్తా బాపూ? బస్తీ అంత చూస్తనే ఉన్నది. గిదిగో చాయ్.”

“నేను నవ్వించెటందుకు జోకులెయ్యలే.”

“మరి?”

“బాయిల నా పని ఏంది?”

“పైకప్పు చూసుడు.”

“ఎట్ల చూస్త?”

“నాకేం తెలుసు? ఎన్నడన్న చెప్పినవా?”

“అందరి కన్న ముందు నేను లోపటికి పోత. ఇనుప సబ్బల్‌తోని పైకప్పును కొడ్త. ఖంగుమంటే గట్టిగున్నట్టు. మంది లోపటికి రావొచ్చు. డొబ్బుమంటే లోపట పగిలినట్టు. ఎవ్వలినీ రానియ్య. కండ్లకు ఏం కనవడదు. మంచిది నలుపే, పగిలింది నలుపే. చెవులకే తెలుస్తది.”

“అయితే?”

“మీ అమ్మ గూడ గంతే. ఎట్లున్నదే అంటే మంచిగున్న అంటది. రక్తం కక్కి మూతి తుడుచుకోని మంచిగున్న అంటది. అడిగి ఏం ఫాయిదా? గందుకే కొట్టి చూసేది.”

“జోకుతోనా?”

“జోకుతోనే. నవ్వు అబద్ధమాడదు అనుకున్న. దసరాకు నవ్వు ఆఖరి దాక వచ్చింది. చలికాలంల నడుమ దగ్గు తాకింది. హోలీ కల్లా సగంల తెగేది. తెగిన దినం నేను బాయికి పోలే. రజా పెట్టి పక్కన కూసున్న. పోశంకు పనికి పోబుద్ధి అయితలేదు అన్నరు మీరు.”

“మాకెట్ల తెలుస్తది బాపూ? నువ్వు ఒక్క మాట చెప్పకపోతివి.”

“దానికి తెలుసు.”

“అమ్మకా?”

“ఏందయ్యా, దినాం పొద్దుగాల నన్ను సబ్బల్‌తోని పొడుస్తున్నవ్ అన్నది ఒకసారి. తెల్వకుంటే మోసం ఎట్లయితది?”

“అమ్మ పోయిన దినం ఏమైంది బాపూ?”

“నువ్వు ఇంట్లనే ఉంటివి.”

“నువ్వు చెప్పు. ఒక్కసారి చెప్పు.”

“మొదటి షిఫ్టు. గడప మీద నిలవడి బూట్లు కట్టుకున్న. అది పరదా ఎన్క మంచంల. నువ్వు దాని కాడ. గడప మీదికెల్లే అన్న. ఏమే, నేను భూమిలకు దిగుతున్న, నేను వచ్చేదాక నువ్వు దిగకు, నీకు హాజరీ వెయ్యరు అన్న.”

“ఆ.”

“నవ్వింది. దసరా నాటి నవ్వు. దగ్గు లేదు, తెగుడు లేదు. ఖంగుమన్నది. నాగ్‌పూర్ మందు పట్టింది అనుకున్న. పరదా తీసి గూడ చూడలే. దిగిన. లోపట మందికి చెప్పిన, మా ఇంటిది ఇయ్యాల మంచిగ నవ్వింది, సాయంత్రం మిఠాయి తినిపిస్త అని.”

“బాపూ, చాలు.”

“పైకి వచ్చేవరకు ల్యాంప్ రూమ్ కాడ మన బస్తీ గోపాల్ నిలవడ్డడు. ఇంటికి నడువు అన్నడు, గంతే. ల్యాంప్ వాపసు ఇయ్యబుద్ధి కాలే నాకు. అదిస్తే ఇంటికి పోవాలె. నా సర్వీసంతల పైకప్పును తప్పు ఇనలే. నా చెవిని నమ్మి వచ్చినోడు ఒక్కడు చావలే. తప్పు ఇన్నది నా ఇంట్లనే. ఉండయ్యా అంటే ఉందును. నవ్వి పంపింది. గిప్పుడు సాస్తి కాడ బొగ్గు పైనుంచే తవ్వుతున్నరు. కొట్టి చూసెటందుకు కప్పే లేదు. మంచిగైంది. నేను గూడ పైసలు తీసుకోని ఇంట్ల కూసున్న. దానికి మాత్రం పిట్టకు పెట్టను.”

“అమ్మ మోసం చెయ్యలే.”

“చేసింది.”

“చెయ్యలే బాపూ. నేను ఒకటి చెప్తే రేపు వస్తవా?”

“ఏం చెప్తవ్?”

“ముందు వస్తనని అను.”

“బేరం పెడ్తున్నవా?”

“నాకు కాకి ముట్టాలె బాపూ. గంతే. అది అయినంక నన్ను ఏమన్న అను. ఇంటికి రానియ్యకపోయినా సరే.”

“చెప్పు.”

“గా పొద్దు అమ్మకు నవ్వు రాలే.”

“నేను ఇన్న.”

“నువ్వు జోకు వెయ్యంగనే మూతి తెరిచింది. నవ్వుదామనే చూసింది. గాలి రాలే. నా చెయ్యి పట్టుకోని ఒత్తింది. కండ్లతోని గడప దిక్కు చూపించింది. నేను... నేను నవ్విన బాపూ.”

“ఏంది?”

“గా నవ్వు నాది.”

“అబద్ధం.”

“అమ్మ మీద ఒట్టు.”

“దాన్ని కాపాడెటందుకు అంటున్నవ్. పైకప్పు మీద ఎలుక ఉరికితే చెప్తుంటి నేను. పెండ్లాం నవ్వు తెల్వదా నాకు?”

“శేషమ్మ పెద్దమ్మ గోడ అవుతల నుంచి నా గొంతు ఇని ఎవరనుకున్నది గిప్పుడే?”

“లే. లేచి పరదా ఎన్కకు పో.”

“ఎందుకు?”

“పో అంటున్న. గదే మంచం మీద కూసో. నేను గడప కాడ నిలవడ్త.”

“నాతోని కాదు బాపూ. ఏడాదాయె నేను నవ్వక.”

“కూసున్నవా?”

“కూసున్న.”

“ఏమే... ఏమే, నేను భూమిలకు దిగుతున్న. నేను వచ్చేదాక నువ్వు దిగకు. నీకు హాజరీ వెయ్యరు.”

“హహ్హహ్హహ్హా... హహ్హా... బాపూ! బాపూ, కింద కూసుంటున్నవేంది? గడప మీద కూసోవద్దు, లే. ఇగో నీళ్లు తాగు. బాపూ, ఏడ్వకు.”

“దూరం జరుగు.”

“నువ్వు నిమ్మళంగ పనికి పోవాలె అనుకున్న. అమ్మ అడుగుతున్నది గద అని నవ్విన. గా నవ్వు ఇని నువ్వు ఉండుడు, పోవుడు ఉంటదని నాకు తెల్వదు. ఇయ్యాల నువ్వు చెప్పేదాక తెల్వదు.”

“చెయ్యి ఒత్తింది అన్నవ్.”

“ఆ.”

“గడప దిక్కు చూపించింది.”

“ఆ. నువ్వున్న దిక్కు.”

“ఏమన్నది? నవ్వుమన్నదా, ఆపుమన్నదా?”

“నవ్వుమన్నదనే... నవ్వుమన్నదనుకున్న.”

“అనుకున్నవ్. దానికి తెలుసు, నవ్వు రాకుంటే నేను ఉంటనని. ఊకె పండుకున్నా ఉందును. చెయ్యి ఎందుకు ఒత్తింది? చెప్పు.”

“తెల్వదు బాపూ. ఇయ్యాల పొద్దుగాల దాక తెలుసు. గిప్పుడు తెల్వదు.”

“నేను పొయినంక ఎంతసేపు ఉన్నది?”

“నువ్వు గల్లీ మలుపు తిరిగేదాక గడప దిక్కే చూసింది. గంతే. బాపూ, ఏమన్న అను. తిట్టు. కొట్టు.”

“రేపు పిట్టకు నేనే పెడ్త.”

“బాపూ...”

“ఉల్లిగడ్డ కారం నూరు. నూనె ఎక్కువ పొయ్యకు, అది తినదు.”

“సరే. నేను నీ పక్కన నిలవడ్త.”

“వద్దు. నువ్వు దూరం నిలవడు. పిట్ట ముట్టేదాక నోరు తెరవకు. నా ఇంట్ల ఇంక నవ్వకు.”

“నన్ను మాఫ్ చేసినవా బాపూ?”

“చీకటైతున్నది, లైటు వెయ్యి. ఈ ముచ్చట గిక్కడికే బంద్. నువ్వు ఎత్తకు. నేను గూడ చచ్చేదాక ఎత్తను.”