ఫింటన్ రోష్‌ని ఎడమకి తిప్పినవాడు

డబ్లిన్‌లో ఫింటన్ రోష్ శవపేటికని కారెక్కించేదాకా చూసి కోల్మన్ పబ్బులో టీవీ కట్టేశాడో లేదో, ఫెస్టీ మానియన్ చేతికర్రతో నేలమీద ఠంగున ఒకటి కొట్టాడు.

"విన్నారా? ప్రార్థన మొదలుపెట్టిన దగ్గర్నించీ చూస్తున్నాను. బిషప్పు పేరు చెప్పారు, మంత్రుల పేర్లు చెప్పారు, ఆఖరికి ఫింటన్ రోష్ పెంచుకున్న కుక్క పేరు కూడా చెప్పారు. నా పేరెత్తినవాడు ఒక్కడున్నాడా?"

"నీ పేరెందుకెత్తుతారు బాబాయ్?" అన్నాడు కోల్మన్, గ్లాసు తుడుస్తూ.

అక్కడే దొరికిపోయాడు. ఐర్లండు పడమటి కొసన కొనెమారాలో ఈ మూల ఊరికి అల్లుడిగా వచ్చి, మావగారి పబ్బు నెత్తినేసుకుని ఇన్నేళ్లయినా, ఫెస్టీని 'ఎందుకు' అని అడగకూడదన్న సంగతి కోల్మన్‌కి ఇంకా వంటబట్టలేదు.

అసలు కోల్మన్ తలనొప్పి వేరే ఉంది. సాయంత్రం నాలుగింటికి గాల్వే రేడియోవాళ్లు ఫోన్ చేస్తారు. ముప్ఫై అయిదేళ్లపాటు శనివారం రాత్రి దేశాన్నంతటినీ టీవీ ముందు కూర్చోబెట్టి కబుర్లు చెప్పినవాడు పోయాడు కాబట్టి, ఊరికొకళ్లు ఆయన గురించి ఒక జ్ఞాపకం చెప్పాలి. ఒక్కళ్లే. ఎవరన్నది కోల్మన్ ఇష్టం. పైగా రాత్రి గాలివానకి ఫోన్ తీగలు తెగిపోయాయి. కోల్మన్ సెల్లు ఒక్కటే దిక్కు, అదీ పబ్బు లోపల మూగదే. కిటికీ అవతల చూరు కింద వేలాడదీస్తే మోగుతుంది గానీ, మాట పలకాలంటే వానలో ఎత్తి పట్టుకోవాల్సిందే.

కోల్మన్ మనసులో డీలియాని ఎప్పుడో అనుకున్నాడు. ఊళ్లోకి మొదటి టీవీ వచ్చింది ఆవిడ ఇంటికే. ఊరంతా ఆవిడ వంటింట్లోనే కూర్చుని ఫింటన్‌ని చూసింది. ఎప్పుడో గాల్వేలో ఆయనతో దిగిన ఫోటో సంచీలో పెట్టుకుని, పొయ్యి పక్కన టీ తాగుతూ కూర్చుంది. ఫెస్టీ మాత్రం ఆ ఫోన్ తన కోసమే మోగుతుందని తేల్చేసుకుని, పొద్దున్నే గడ్డం గీసుకుని, పెళ్లిళ్లకేసుకునే కోటేసుకుని మరీ వచ్చాడు.

"మా అమ్మ అయితే శనివారం జపమాల సగంలో మింగేసి డీలియక్క ఇంటికి పరిగెత్తేది," అన్నాడు టామీ జాయిస్, తన నల్లబీరు వైపు చూసుకుని నవ్వుకుంటూ. "దేవుడు రేపు కూడా ఉంటాడే, ఫింటన్ ఇవాళే అనేది."

"మీ అమ్మ సంగతి ఎవడిక్కావాలి?" ఫెస్టీ విరుచుకుపడ్డాడు. "ఊళ్లో ప్రతివాడూ ఒక ముచ్చట మోసుకొచ్చాడు పొద్దున్నించీ. మా అమ్మ పరిగెత్తింది, మా నాన్న పొలమారేదాకా నవ్వాడు, మా అత్త ప్రేమించింది. మీరంతా ఆయన్ని చూశారు, అంతే. నేను నిలదీశాను."

"ఎవర్ని?" అన్నాడు టామీ.

"ఫింటన్ రోష్‌ని. ఏం, ఆ శనివారం మర్చిపోయావా? కొనెమారాలో వానా రాళ్లూ తప్ప ఏముందండీ అన్నాడు, అంత మందీ చూస్తుండగా. మీరందరూ ఏం చేశారు? పళ్లికిలించారు. నాకు ఒళ్లు మండిపోయింది. సోమవారం పోస్టాఫీసుకెళ్లి డబ్లిన్‌కి ఫోన్ కొట్టాను."

"ఫోన్ చేసి తిట్టడం పెద్ద గొప్పేం కాదులే. దేశంలో సగం మంది అదే పని చేసేవాళ్లు," అన్నాడు టామీ.

"సగం మందికి గుమాస్తా మాట్లాడేవాడు. నాకు ఆయనే మాట్లాడాడు. అయ్యా మానియన్‌గారూ, మీకంత కోపంగా ఉంటే వచ్చే శనివారం వచ్చి మొహమ్మీదే అడగండి అన్నాడు. రాకపోతానేంటి? శనివారం సాయంత్రం ఆవు పాలు పితికి, మా చేలోంచి ఓ రాయి పీకి సైకిల్ వెనకాల కట్టుకుని బయల్దేరాను."

"డబ్లిన్‌కి సైకిల్ మీదా?" అన్నాడు కోల్మన్.

"వెనకనించి గాలి ఉందిలే. గాల్వే దాటేసరికి బ్రేకులు అరిగిపోయాయి, ఆథ్‌లోన్ దగ్గర రైలుని దాటాను, రైల్లోవాళ్లు కిటికీల్లోంచి టోపీలు తీసి దణ్ణం పెట్టారు, డబ్లిన్ చేరేసరికి చక్రాల్లో రబ్బరన్నది లేదు. గుమ్మం దగ్గర ఆయనే నించున్నాడు. మనిషి ఎంత పొడుగనుకున్నావు? తల వంచితే గానీ గుమ్మంలోంచి రాలేడు."

టామీ గ్లాసు కిందపెట్టేశాడు. "ఎవరు, ఫింటనా? నా భుజం దాకా రాడు. వారం వారం తన పొట్టితనం మీద తనే జోకులేసుకునేవాడుగా."

ఫెస్టీ ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే ఇంకా గట్టిగా అందుకున్నాడు. "నువ్వు చూసింది ఆ డబ్బాలో. డబ్బా ఎంత ఉంటే మనిషి అంతే కనిపిస్తాడు. అది కూడా తెలీకుండా ఎలా బతుకుతున్నావురా నువ్వు?"

పబ్బంతా గొల్లుమంది. డీలియా మాత్రం నవ్వలేదు. టీకప్పు పక్కనపెట్టి ఫెస్టీ వంకే చూస్తూ కూర్చుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అతిథుల కుర్చీలో అమెరికా సినిమాతార ఒకావిడ కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి, బాబూ నువ్వు కూర్చో, నాదేముందిలే అంది. కూర్చున్నాను. రాయి తీసి బల్లమీద పెట్టాను. బల్ల విరిగింది. ఇది మా ఊరి రాయి, దీన్ని నువ్వు ఒక్క చేత్తో ఎత్తి మాట్లాడు, లేదా క్షమాపణ చెప్పు అన్నాను. ఆయన ఎత్తబోయాడు, బ్యాండువాళ్లు ఎత్తబోయారు, ఫిర్యాదు చెయ్యడానికొచ్చిన ఇద్దరు ఫాదర్లు చొక్కాచేతులు మడిచి మరీ ఓ చెయ్యేశారు. కదిలితేనా?"

"నువ్వు చేలోంచి పీకిన రాయే కదా?" అన్నాడు టామీ.

"పీకినవాణ్ణి నేను కదా. మధ్యలో రాకు. ఇక నేను మొదలుపెట్టాను. వాన గురించి చెప్పాను, రాళ్ల గురించి చెప్పాను, ఒక్కో రాయికీ దాని తాత ముత్తాతల పేర్లు చెప్పాను. జనం లేవలేదు. కార్యక్రమం అయ్యాక జాతీయగీతం వాయించి టీవీ కట్టెయ్యాలి కదా, వాయించేవాళ్లు ఏడుస్తూ కూర్చున్నారు. తెల్లారిపోయింది. దేశం మొత్తం మీద ఒక్క ఆవుకి పాలు పితికినవాడు లేడు. ఆదివారం ప్రార్థనలకి చర్చిల్లో పిట్ట లేదు, బిషప్పులు కూడా టీవీ ముందే ఉన్నారు. ప్రధానమంత్రి నిద్రబట్టల్లో పరిగెత్తుకొచ్చి, మానియన్‌గారూ దేశం ఆగిపోయింది, దయచేసి ఇంటికెళ్లండి అని కాళ్లావేళ్లా పడ్డాడు. పైగా వాటికన్ నించి ఫోను."

"పోపుగారేమన్నారు?" అన్నాడు కోల్మన్, నవ్వు ఆపుకుంటూ.

"ఇటాలియన్‌లో అన్నాడు, నాకేం తెలుసు. నేను లొంగలేదు. ముందు ఫింటన్ మా ఊరి వైపు తిరిగి క్షమాపణ చెప్పాలన్నాను. ఎటు తిరగాలయ్యా అన్నాడు పాపం. కొంచెం ఎడమకి అన్నాను. తిరిగాడు. ఇంకొంచెం ఎడమకి. తిరిగాడు. ఆ, చాలు, అక్కడే ఉండు, కదిలావంటే చూడు అన్నాను. కదల్లేదు. అంతటి మనిషి, నేను ఎటు తిప్పితే అటు తిరిగి, నేను ఆపినచోట ఆగాడు. అలాంటిది ఇవాళ ఆయన చావుకి నా పేరు చెప్పరా? ఆ ఫోన్ ఇటు తే కోల్మన్. నాలుగవుతోంది."

"ఒరే ఫెస్టీ," అంది డీలియా.

ఆవిడ గొంతు పెద్దదేం కాదు గానీ అందరూ అటు తిరిగారు.

"ఎడమకి అన్నది నేను," అంది. "మా వంటింటి కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది నేను. ఆయన వానా రాళ్లూ అన్న శనివారమే కాదు, మళ్లీ శనివారం కూడా నువ్వు మా ఇంటి గోడెక్కి యాంటెన్నా కర్ర పట్టుకుని నించున్నావు. ఎన్నిసార్లు కట్టినా గాలికి తిరిగిపోయేది కదా అది. కొత్త టీవీ టవరు వచ్చేదాకా ఎన్నేళ్లు నించున్నావో లెక్కెవరు పెట్టారు గానీ, డబ్లిన్ మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. నువ్వు ఫింటన్ రోష్‌ని ఒక్కసారి కూడా చూళ్లేదురా."

కోల్మన్ తుడిచిన గ్లాసునే మళ్లీ తుడుస్తున్నాడు. ముసలాయన కర్ర పట్టుకుని లేచిపోతాడేమో అనుకున్నాడు. ఫెస్టీ లేవలేదు. మొహం ఎర్రబడి, చెవులు ఎర్రబడి, అప్పుడొచ్చింది అసలు కోపం.

"ఎలా చూస్తానక్కా?" అన్నాడు. "నేను లోపలికొస్తే ఆయన పోయేవాడు. నేను గోడ దిగ్గానే తెరమీద మంచు కురిసేది, మీరంతా ఒక్కసారిగా అరిచేవాళ్లు, నేను మళ్లీ ఎక్కేవాణ్ణి. మీ నవ్వులు వినబడేవి. దేనికి నవ్వుతున్నారో తెలిసేది కాదు. వానలో నించుని ఊరికే నేనూ నవ్వేవాణ్ణి. తర్వాత మీ మీద కోపమొచ్చి టీవీ కొనడమే మానేశాను. ఒక్కడు, మీలో ఒక్కడు, ఒక్క శనివారం, ఫెస్టీ నువ్వు లోపలికి రారా, కాసేపు నేను పట్టుకుంటా అన్నాడా? ఈ టామీగాడు అన్నాడా? సోడారొట్టె తింటూ, సరిగ్గా పట్టుకోరా వెధవా, ఫింటన్ రెండు తలకాయలతో కనబడుతున్నాడు అని అరిచాడు వీడు. అది వినబడింది నాకు."

టామీ తన గ్లాసులోకి చూసుకున్నాడు. ఆ వంటింట్లో ఆరోజుల్లో కుర్చీ దొరికినవాళ్లు పబ్బులో ఇంకా నలుగురైదుగురున్నారు.

సరిగ్గా అప్పుడే కిటికీ చూరు కింద వేలాడదీసిన సెల్లు మోగింది.

కోల్మన్ డీలియా వంక చూశాడు. ఆవిడ సంచీ మూసేసి, లేచి, తన కుర్చీని కిటికీ దాకా ఈడ్చుకుంటూ వెళ్లి పెట్టింది. "కూర్చో ఫెస్టీ," అంది.

"ఏం చెప్పాలి నేను? చూళ్లేదని ఇప్పుడే తేల్చావుగా."

"మేమెలా చూశామో చెప్పు. అది నీకు తప్ప ఇంకెవరికి తెలుసు?"

"కూర్చుంటే ఫోన్ పలకదు. బయట నించుని ఎత్తి పట్టుకోవాలి," అన్నాడు ఫెస్టీ మొండిగా. అని, అలవాటు చొప్పున కోటు గుండీలు పెట్టుకుంటూ తలుపు వైపు నడిచాడు.

అతనికంటే ముందే టామీ జాయిస్ తలుపు తీశాడు. టోపీ కూడా పెట్టుకోలేదు. వానలోకి వెళ్లి, చూరు కింద మోగుతున్న ఫోన్ అందుకుని, స్పీకర్ నొక్కి, కిటికీ ఎదురుగా చెయ్యి పైకెత్తి నించున్నాడు. నీళ్లు మోచేతి మీదుగా చొక్కాలోకి కారుతున్నాయి. ఫోన్‌లో ఎవరో అమ్మాయి హలో హలో అంటోంది, గరగర తప్ప ఇంకేం తెలియడం లేదు.

ఫెస్టీ తలుపు దగ్గర్నించి వానలో ఉన్న టామీని చూశాడు. వెనక్కొచ్చి, డీలియా వేసిన కుర్చీలో కూర్చుని, కర్రని మోకాళ్ల మధ్య పెట్టుకుని, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"కొంచెం ఎడమకి, టామీ," అన్నాడు. "ఇంకొంచెం. ఆ, చాలు. అక్కడే ఉండు, కదిలావంటే చూడు."