యాభై ఆరు చింతపిక్కలు

నా రెండు కళ్ళ మీద ఒట్టు బాబూ, ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉంటే నోట్లో మిగిలిన ఈ మూడు పళ్ళూ రేపు పొద్దుటికి రాలిపోవాలి. నాలుగోది మొన్న ఊడింది, అది వేరే కథకి పెట్టిన ఒట్టు, దీనికీ దానికీ సంబంధం లేదు. రాసుకో. ఆదిలచ్చి అని ఒకామె ఉండేదంట, మా అమ్మమ్మకి అమ్మ. మొగుడు సింహాద్రి, ఐదేళ్ళ కూతురు పైడితల్లి. ఆ ఏడు ఎండలంటే ఏటనుకున్నావు, ఏట్లో పీతలు కాళ్ళు కాలి చెట్లెక్కి కూర్చున్నాయంట. గింజ పండలేదు. మా ఊరికి అప్పట్లో ఒక ఆచారం ఉండేది. అమ్మవారి పండగ మూడు రోజులూ మగోళ్ళు సరి-బేసి ఆడీవోరు. ఒకడు పిడికిట్లో చింతపిక్కలు దాస్తాడు, ఇంకొకడు సరో బేసో చెప్పాలి, అంతే. మూడు ఆటలు ఓడినోడు అమ్మవారి ముందున్న కుండలో కుంచం చోళ్ళు, అదే మీ రాగులు, పొయ్యాలి. ఆ చోళ్ళతోనే ఎండాకాలమంతా పిల్లలకీ ముసలోళ్ళకీ అంబలి కాచి పోసీవోరు. ధర్మానికి ఆడే ఆట కదా, తప్పేటుంది అనీవోరు. మరి ఆ ఏడు కుండలో ఏటుంది? అడుగున రెండు బల్లులున్నాయి, అవి కూడా ఆకలితో ఒకదాన్నొకటి అదోలా చూసుకుంటున్నాయంట.

ఏటైందంటే, పండగ మొదటి రోజు మిట్టమధ్యాహ్నం ఒకడొచ్చాడు. తాటిచెట్టంత మనిషి. వాడి వెనకాల చోళ్ళ బస్తాల బండి. ఎడ్లు లేవు బాబూ, బండి దానంతటదే నడిచొచ్చింది. వచ్చి కూర్చుని, మీలో ఎవరు గెలిచినా ఆటకో బస్తా మీ అంబలికి, నేను గెలిస్తే మాత్రం ఓడినోడి గొంతు పట్టుకుపోతాను అన్నాడంట. జనం పకపకా నవ్వీసారు. గొంతెలా పట్టుకుపోతావురా, అదేమైనా గొంగళా అనీసి మునసబు ముందు కూర్చున్నాడు. మూడుసార్లూ పిడికిలి బిగించాడు, మూడుసార్లూ వాడు సరిగ్గా చెప్పీసాడు. "ఇదేటి" అనబోయాడు మునసబు. పెదాలు ఆడాయి, చప్పుడు లేదు. అప్పుడు వాడు కల్లు మింగినట్టు ఒక గుటకేసి, "తర్వాత ఎవరు? రండి రండి" అన్నాడు. ఏ గొంతుతో అనుకున్నావు? అచ్చం మునసబు గొంతుతో! అంత ఎండలోనూ జనానికి ఒంటి మీద చెమట గడ్డకట్టిందంట. మరి లేచి పారిపోవచ్చు కదా అంటావు. పిల్లల డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి, బస్తాలు కళ్ళ ముందున్నాయి. ఒక్కడైనా గెలవకపోతాడా అనీసి ఒకడి తర్వాత ఒకడు కూర్చున్నారు. సింహాద్రీ కూర్చున్నాడు. పొద్దు వాలేసరికి నలభై మంది మగోళ్ళు మూగోళ్ళైపోయారు. ఊరంతా మనుషులున్నారు, మాట లేదు. కుక్కలు కూడా భయపడి మొరగడం మానీసాయంట.

మర్నాడు మధ్యాహ్నం ఏటైందంటే, పైడితల్లి ఇంట్లో చింతపిక్కలు పిడికిట్లో పట్టుకుని ఆడుకుంటా ఆడుకుంటా వాడి దగ్గరికి పోయింది. "తాతా, సరా బేసా?" అంది. వాడు కళ్ళార్పకుండా ఆ చిన్న పిడికిలి కేసి చూసి, "బేసి, తల్లీ" అన్నాడు. సింహాద్రి గొంతుతో అన్నాడు! అయ్య గొంతు మళ్ళీ వినబడిందని ఆ పిల్ల ఎంత సంబరపడిందో. ఇంకోసారి వినాలని మళ్ళీ పిడికిలి పట్టింది. "సరి, తల్లీ." రెండు ఆటలైపోయాయి. పిల్ల నవ్వబోతే గొంతు అప్పుడే బొంగురుపోయి కప్ప అరిచినట్టు వచ్చింది. మూడో పిడికిలి బిగిస్తుంటే ఆదిలచ్చి పరిగెత్తుకొచ్చి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. చూపు మాత్రం వాడి కళ్ళ మీదే ఉంది. ఆ కళ్ళు పిల్ల మొహం కేసి చూడట్లేదు, ఇంకా పిడికిలి కేసే చూస్తున్నాయి, కిటికీలోంచి చూసినట్టు. వీడు మూసినదాన్ని చూడగలడు, అదే వీడి బలం అనుకుంది. మరైతే అన్నీ తెరిచే ఉంచితేనో?

"ఏటి మావా, పిడికిట్లో ఏటుందో చెప్పడం కూడా ఓ గొప్పేనా?" అంది. "సగంసార్లు మా గేదె కూడా చెప్తాది. ధర్మానికి ఆడే ఆట బుర్ర పెట్టి ఆడాల. ఇవే పిక్కలతో ఓమనగుంటలు ఆడదాం రా." వాడు నలభై గొంతులతో ఒక్కసారే నవ్వాడంట. "అది ఆడోళ్ళ ఆట! పొయ్యి ముందు కూర్చుని ఆడుకునేది!" "అదే మరి. ఆడదాని చేతిలో ఓడిపోతానని భయమేటి?" ఆ మాటకి చుట్టూ ఉన్న మగోళ్ళు నవ్వారు. నోళ్ళు తెరిచి, భుజాలు ఎగరేసి, చప్పుడు లేకుండా నవ్వారు. ఊహించుకో బాబూ, నాకిప్పటికీ రోమాలు లేస్తాయి. వాడికి రోషం వచ్చింది. "సరే. నువ్వు గెలిస్తే అందరి గొంతులూ వదిలేస్తాను. ఓడితే నీదీ, నీ కూతురిదీ, ఈ ఊళ్ళో ఉన్న ప్రతి ఆడదానిదీ నాదే."

నేల మీద రెండు వరసల్లో పద్నాలుగు గుంటలు తవ్వింది, గుంటకి నాలుగేసి పిక్కలు వేసింది. యాభై ఆరు. ఒక గుంటలోవి తీసి ముందు గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటా పోవాలి, అయిపోతే ఆ పక్క గుంటలోవి తీయాలి. ఆ పక్కది ఖాళీగా ఉంటే దాని అవతల గుంటలో ఉన్నదంతా నీదే. ఎక్కడ మొదలెడితే ఎక్కడ ఆగుతుందో ముందే లెక్క కట్టుకోవాలి, అదృష్టానికి అక్కడేం పని లేదు. వాడు గుంటల కేసి చూస్తాడు, చూస్తాడు, దాగినది ఏదీ లేదే! చేతికొచ్చింది తీశాడు. అయినా చేతికి మంచివే తగిలాయనుకో, వాడి వైపు గుంటల్లో పిక్కలు పెరిగాయి. చివరికి వాడిదంతా ఒకే గుంటలో చేరింది. ఆదిలచ్చి వైపు రెండు గుంటలే మిగిలాయి, ఒకదాంట్లో మూడు, ఒకదాంట్లో నాలుగు. ఏది తీస్తే ఏమవుతుందో అప్పటికే ఆరుసార్లు లెక్కపెట్టింది. అప్పుడు వాడు సింహాద్రి గొంతుతో, చెవిలో చెప్పినంత మెల్లగా, "లచ్చీ, అలిసిపోయావే. ఆ మూడూ తియ్యి" అన్నాడు. చెయ్యి ఒక్క క్షణం అటే పోయింది. అంతలో ఆగింది. "ఏడేళ్ళ కాపరంలో మా ఆయన నన్ను అలిసిపోయావా అని ఒక్కనాడూ అడగలేదు" అనీసి నాలుగు తీసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పక్క గుంట ఖాళీ. దాని అవతలే వాడి కుప్ప, అదంతా ఆదిలచ్చిదే.

వాడి నోరు తెరుచుకుంది. గొంతులన్నీ తేనెటీగల్లా జుయ్యిమని బయటికొచ్చాయి. ఆ తోపులాటలో కొన్ని తారుమారయ్యాయంట, మునసబుకి మేకల కాపరి గొంతొచ్చింది, చచ్చేవరకూ శిస్తు కట్టండని చెప్పబోయి "హుర్ర్" అనీవోడు. సింహాద్రికి మాత్రం తనదే వచ్చింది. రాగానే మొదట ఏమన్నాడనుకున్నావు? "అంబలి కాచావా?" అన్నాడు. ఆ వచ్చినోడు బస్తాలు వదిలి లేచాడు. పోతా పోతా, ఎవరి గొంతూ మిగలక ఎండుటాకు నలిగినట్టు, "గుంటల ఆట నీది. నీ కూతురి పిడికిలి ఆటలో మూడోది ఇంకా ఉంది" అన్నాడంట.

అప్పట్నించి మా ఊళ్ళో అంబలి ధర్మానికి ఓమనగుంటలే ఆడతారు, పీట మీద ముందు ఆడోళ్ళే కూర్చుంటారు. ఆ పైడితల్లే మా అమ్మమ్మ. బొంగురు గొంతు మా ఇంట్లో అందరికీ వచ్చింది, వింటున్నావుగా. రేపే పండగ. ఆ పిక్కలు అదిగో, లోపల అటక మీద ముంతలో ఉన్నాయి. నాకు నడుం వంగట్లేదు, నువ్వెళ్ళి లెక్కపెట్టిరా బాబూ. యాభై ఆరు ఉండాలి. యాభై ఐదే ఉన్నాయనుకో, ఒకటి ఎవరి పిడికిట్లోనో ఉన్నట్టే, ఆ మూడో ఆట మొదలైనట్టే. అరవకు. వెనకనుంచి నా గొంతుతో ఎవరైనా "సరా బేసా బాబూ" అని అడిగితే జవాబు చెప్పకు. నేనిక్కడే ఉంటాను, నువ్వు వచ్చేదాకా నోరు తెరవను. ఊఁ, వెళ్ళు.